సంతకం మనది, షరతులు ఎవరివి?
మానసిక చికిత్సలో ఒప్పందం: ఒక దళిత విమర్శ

ఒప్పందం అనే మాటని దళితులు అమాయకంగా వినలేరు. పాలేరుగా కుదిరినప్పుడు ఏడాదికి ఇన్ని బస్తాలు అని ఆసామి చెప్పిందే ఒప్పందం. అప్పు నోటు మీద వేలిముద్ర వేస్తే, ఆ నోటులో ఏం రాసుందో చదివి చెప్పేవాడు కూడా అప్పిచ్చినవాడే. 1976లో వచ్చిన వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం అట్లాంటి కట్టుబాట్లు చెల్లవని చెప్పింది గానీ, కాగితమంటే మన వాడల్లో ఉన్న భయాన్ని రద్దు చేయలేకపోయింది. రాజకీయాల్లోకొస్తే 1932 సెప్టెంబరు 24న ఎరవాడ జైలులో కుదిరిన పూనా ఒప్పందం ఉండనే ఉంది. ఒకపక్క ఆమరణ దీక్షలో గాంధీ, ఇంకోపక్క ఆయనకేమన్నా అయితే దేశమంతా అంటరానివాళ్ల మీద విరుచుకుపడుతుందన్న భయం. ఆ మధ్యలో అంబేడ్కర్ చేత పెట్టించిన సంతకాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అని ఎవరనగలరు?

ఈ చరిత్ర ఉన్నవాళ్లం ఇప్పుడు ఇంకో రకం ఒప్పందం ముందు నిలబడుతున్నాం. యూనివర్సిటీల్లో, ఆసుపత్రుల్లో, నగరాల్లోని ప్రైవేటు క్లినిక్కుల్లో మానసిక చికిత్స కోసం మన పిల్లలు వెళ్తున్నారు, లేదా పంపబడుతున్నారు. అక్కడ మొదటిరోజే ఒక ఒప్పందం ఉంటుంది. వారానికి ఎన్నిసార్లు కలవాలి, ఫీజు ఎంత, దేనికోసం ఈ పని, చెప్పిన మాటలు ఎవరి దగ్గర దాగి ఉంటాయి, ఎప్పుడు ముగించాలి అన్నవి అందులో అంశాలు. కొన్నిచోట్ల ఇది కాగితం, కొన్నిచోట్ల నోటిమాట. చికిత్సాశాస్త్రం దీన్ని తన ప్రజాస్వామిక విజయంగా చెప్పుకుంటుంది. రోగి చేతులు కట్టుకొని నిలబడే కాలం పోయింది, ఇప్పుడు ఇద్దరూ సమానులు అంటుంది. ఈ సమానత్వం మీద మనకు అనుమానం ఉండటం సహజం. కానీ అనుమానం దగ్గరే ఆగిపోతే మనకు దక్కేదేమీ లేదు. ఈ ఒప్పందాన్ని తోసేయాలా, తిరగరాయాలా అన్నదే ఇక్కడ ప్రశ్న.

గంటను కౌలుకివ్వడం

చికిత్స మొదలుపెట్టడం ఎట్లా అన్నదాని మీద ఫ్రాయిడ్ 1913లో ఒక వ్యాసం రాశాడు. ఒప్పందం గురించిన చర్చకు అదే మూలం లాంటిది. అందులో ఆయన పద్ధతి సూటిగా ఉంటుంది. ఒక్కో రోగికి రోజులో ఒక గంట కేటాయిస్తాడు. ఆ గంట రోగిది. వచ్చినా రాకపోయినా డబ్బు కట్టాల్సిందే. మంచి కుటుంబాల్లో సంగీతం మాస్టారికో, భాష నేర్పే మాస్టారికో ఇట్లాగే ఇస్తారు కదా అని ఆయన వాదన. కులం సంగతి వేరేచోట మాట్లాడదాం, ముందు వర్గం సంగతి చూడండి. ఇంటికి సంగీతం మాస్టారు వచ్చే కుటుంబాలు ఎవరివి? ఆ పోలిక అర్థం కావడానికే ఒక స్థాయి ఉండాలి. కూలి పోతే పూట గడవని మనిషికి రాని గంటకు కూడా డబ్బు కట్టడమంటే అది చికిత్స కాదు, జరిమానా.

అయితే ఫ్రాయిడ్‌ని ఒక్కమాటతో కొట్టిపారేయలేం. సుమారు పదేళ్లపాటు రోజుకొక గంట, ఒక్కోసారి రెండు గంటలు డబ్బు తీసుకోకుండా వైద్యం చేశానని ఆ వ్యాసంలోనే చెప్పాడు. ఆ అనుభవం నుంచి ఉచిత చికిత్స కొందరిలో అడ్డంకుల్ని పెంచుతుందని తేల్చాడు. తర్వాత 1918లో బుడాపెస్ట్ సభలో మాట్లాడుతూ, పేదవాడి మనసుకు కూడా వైద్యం హక్కుగా అందాలని, ఆ బాధ్యత సమాజం మీద ఉందని అన్నాడు. 1920లో బెర్లిన్‌లో, 1922లో వియన్నాలో ఉచిత క్లినిక్కులు మొదలయ్యాయి. అంటే ఫీజు షరతు ప్రకృతి నియమమేమీ కాదని వాళ్ల చరిత్రే రుజువు చేస్తోంది. డబ్బు కడితేనే చికిత్సకు విలువ ఉంటుందని ఇప్పటికీ పాఠం చెప్పేవాళ్లు ఈ రెండో సగాన్ని ఎందుకు మర్చిపోతారో మనం అడగాలి.

ఫ్రాయిడ్ పద్ధతిలో అసలైన షరతు డబ్బు కాదు. మనసుకు తోచిందల్లా దాచకుండా, ఏరకుండా చెప్పాలన్నది మూలనియమం. ఈ నియమం ఒకవైపుకే వర్తిస్తుంది. చెప్పేవాడు అన్నీ చెప్పాలి, వినేవాడు తన గురించి ఏమీ చెప్పనక్కర్లేదు. చెప్పేవాడు ఆగిపోతే ఆ ఆగిపోవడానికి ఒక పేరు పెట్టారు. తెలుగులో దాన్ని ప్రతిఘటన అనొచ్చు. ఉద్యమాల్లో మనకు ఎంతో గౌరవమైన ఈ మాట ఆ గదిలో లోపమైపోతుంది. ఈ సంగతి దగ్గరికి మళ్లీ వస్తాను.

నాలుగు షరతులు

ఒప్పందాన్ని నిజంగా ఒప్పందంలాగా చూసింది ఫ్రాయిడ్ కాదు. అమెరికాలో ఎరిక్ బెర్న్, ఆయన సహచరుడు క్లాడ్ స్టైనర్. బెర్న్ 1966లో సామూహిక చికిత్స మీద రాసిన పుస్తకంలో ఒప్పందమంటే స్పష్టమైన ఒక పని కోసం ఇద్దరూ బాహాటంగా చేసుకునే కట్టుబాటు అన్నాడు. ఏం మారాలని వచ్చావు, మారిందని నీకూ నాకూ ఎట్లా తెలుస్తుంది అని అడగమన్నాడు. డాక్టర్ల పరిభాషలో కాదు, మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో. ఇది చిన్న విషయం కాదు. రోగం పేరు డాక్టరు పెట్టడం, మందు డాక్టరు రాయడం, బాగయిందో లేదో డాక్టరే తేల్చడం అనే పద్ధతికి ఇది ఎదురు నిలిచింది.

స్టైనర్ ఇంకో అడుగు ముందుకేశాడు. బర్కిలీలో రాడికల్ సైకియాట్రీ ఉద్యమంలో ఉన్నవాడు. 1974 నాటి పుస్తకంలో ఆయన ఒప్పందాల చట్టం నుంచే నాలుగు షరతులు తెచ్చుకున్నాడు. పరస్పర సమ్మతి, ప్రతిఫలం, అర్హత, చట్టబద్ధమైన లక్ష్యం. ఈ నాలుగూ లేకపోతే చికిత్స ఒప్పందం లేనట్టే. ఉద్యమకారుడు చేసిన పని కాబట్టి మనకు ఇది దగ్గరగా అనిపిస్తుంది. అందుకే దీన్నే గట్టిగా పరీక్షించాలి.

సమ్మతి సంగతి చూద్దాం. సమ్మతికి ముందు ఎంపిక ఉండాలి. ఒక జిల్లా కేంద్రంలో మానసిక వైద్యుడు ఒకరో ఇద్దరో ఉన్నచోట, చికిత్స మాటలు సగం ఇంగ్లీషులో నడిచేచోట, కాదనే అవకాశం ఎవరికుంది? ప్రతిఫలం అంటే డబ్బే అయితే, లేనివాడు ఎప్పుడూ దయ మీద బతికేవాడే. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు కింద అనే పాత వరసే తిరిగొస్తుంది. అర్హత అంటే క్లయింటు తెలివిలో ఉన్నాడా అని మాత్రమే చూస్తారు. థెరపిస్టుకి డిగ్రీ ఉంటే చాలు. కులం గురించి ఓనమాలు తెలియనివాడు కులగాయం గురించి వినడానికి అర్హుడా అని ఎవరూ అడగరు. అమ్మానాన్నలకు అక్షరం రాని ఇంటి నుంచి వచ్చి క్లాసులో నోరు విప్పలేకపోతున్న అమ్మాయికి ఆత్మవిశ్వాసం తక్కువని రాసేస్తే, అది ఎవరి అర్హత లోపం? ఇక లక్ష్యం. కోపం తగ్గించుకోవడం లక్ష్యంగా రాసుకోవడం చట్టబద్ధమే. కానీ ఆ కోపం న్యాయమైనదైతే? కోపాన్ని జబ్బుగా, కోపానికి కారణాన్ని పరిసరంగా మార్చే ఒప్పందం చట్టానికి లోబడి ఉండొచ్చు గానీ న్యాయానికి లోబడి లేదు.

స్టైనర్ షరతులు తప్పని నేను అనడం లేదు. సమానులు ఇద్దరు బజారులో ఎదురైనట్టు ఊహించుకొని రాసుకున్న షరతులు అవి. ఊరూ వాడా ఎదురైనప్పుడు అవి చాలవు.

గుర్తింపు లేనిచోట ఒప్పుకోలు ఎక్కడిది

దీన్ని అందరికంటే లోతుగా పట్టుకున్నవాడు ఫ్రాంజ్ ఫానన్. 1953 నుంచి 1956 దాకా అల్జీరియాలో బ్లిడా ఆసుపత్రిలో సైకియాట్రిస్టుగా పనిచేశాడు. వలసపాలనలో మనిషికి మనశ్శాంతి ఇవ్వడం సాధ్యం కాదని తేలాక 1956లో రాజీనామా చేశాడు. అంతకు ముందు 1955లో తన సహచరుడు లకతోన్‌తో కలిసి ఒక వైద్యుల మహాసభకు చిన్న పత్రం సమర్పించాడు. విషయం ఏమిటంటే, నేరం మోపబడిన అల్జీరియన్లు ముందు ఒప్పుకొని, తర్వాత కోర్టు వైద్యుడి ముందు కాదనేవాళ్లు. ఫ్రెంచి వైద్యులు దీన్ని ఆ జాతి అబద్ధాల గుణం అని తేల్చేశారు. ఫానన్ తిరగేసి చూశాడు. నేరం ఒప్పుకోవడం అంటే తిరిగి సమాజంలోకి రావడం. ముందు ఆ సమాజంలో సభ్యుడైతేనే కదా తిరిగి రావడం! తనను ఎన్నడూ సాటి మనిషిగా లెక్కలోకి తీసుకోని వ్యవస్థతో అల్జీరియన్‌కు ఏ సామాజిక ఒప్పందమూ లేదు. కాబట్టి అతని మౌనం అబద్ధం కాదు, కుదరని ఒప్పందానికి సంతకం పెట్టకపోవడం.

ఈ పత్రం మన చర్చకు తాళంచెవి. చికిత్స ఒప్పందం పని చేయాలంటే దానికంటే ముందే ఇంకో ఒప్పందం ఉండాలి. నువ్వు మనిషివి, నీ మాట నిజం కావచ్చు అన్న గుర్తింపు అది. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ చికిత్సా సంబంధానికి మూడు అంగాలు చెప్పాడు. లక్ష్యాల మీద అంగీకారం, చేయాల్సిన పనుల మీద అంగీకారం, ఇద్దరి మధ్య అనుబంధం. మొదటి రెండూ కాగితం మీద రాసుకోవచ్చు. మూడోది రాస్తే రాదు. కులసమాజంలో ఆ మూడోదే ముందే తెగిపోయి ఉంది.

మన అనుభవంలో పెట్టి చూడండి. క్లయింటు గదిలోకి వచ్చి కూర్చోగానే ఇంటిపేరు, ఊరు, నాన్న ఏం చేస్తాడు అని అడుగుతారు. థెరపిస్టుకి ఇవి మామూలు వివరాలు. మనకు అవి కులం తెలుసుకోవడానికి ఈ దేశంలో వాడే మూడు ప్రశ్నలు. అద్దె ఇల్లు అడగబోయినప్పుడు అవే ప్రశ్నలు, కొత్త హాస్టలు గదిలో అవే ప్రశ్నలు. అక్కడ దాచడం నేర్చుకున్నవాడు ఇక్కడ ఎట్లా విప్పుతాడు? ఎదుటివాడి ఇంటిపేరు బోర్డు మీద ఉంది. దాన్ని చూసి క్లయింటు తన మాటల్ని ముందే ఏరుకుంటాడు. రిజర్వేషన్ గురించి ఎత్తాలా వద్దా, తిన్నదేమిటో చెప్పాలా వద్దా అని లెక్కవేసుకుంటాడు. అన్నీ చెప్పాలన్న మూలనియమం అక్కడ మొదటి నిమిషంలోనే విరిగిపోతుంది. దాన్ని క్లయింటు లోపలి అడ్డంకి అని ఫైల్లో రాస్తే, అది ఫ్రెంచి వైద్యులు అల్జీరియన్ గురించి రాసినదానికి కొత్త ప్రతి. నేనంటున్నది ఏంటంటే, ఆ మౌనం నిజంగానే ప్రతిఘటన, మన అర్థంలో.

గురువు వస్తున్నాడు, బొటనవేలు జాగ్రత్త

ఒప్పందం మీద ఇంకోవైపు నుంచి కూడా దాడి ఉంది. అది మన విమర్శలాగే కనబడుతుంది కాబట్టి విడదీసి చూడాలి. ఒప్పందం పాశ్చాత్య వ్యక్తివాదం నుంచి పుట్టింది, భారతీయుడికి అది అతకదు, ఇక్కడి మనిషి ఆశ్రయం కోరుకుంటాడు అనే వాదన అది. సైకియాట్రిస్టు జె.ఎస్. నెకీ 1973లో ఒక అమెరికన్ పత్రికలో గురుశిష్య సంబంధాన్ని చికిత్సకు నమూనాగా ప్రతిపాదించాడు. భారతీయ మానసిక చికిత్స మీద జరిగే చర్చల్లో ఆ వ్యాసం ఇప్పటికీ పలుకుబడి ఉన్నదే. థెరపిస్టు దూరంగా, తటస్థంగా ఉండక్కర్లేదు, గురువులాగా దారి చూపొచ్చు, శిష్యుడి ఆధారపడటాన్ని జబ్బుగా చూడనక్కర్లేదు అన్నది అందులో సారం.

ఆధారపడటం జబ్బు కాదన్న మాట వరకు అంగీకరించొచ్చు. ఒకరి మీద ఒకరు ఆనుకొని బతికే వాడల నుంచి వచ్చినవాళ్లం, ఒంటరి స్వతంత్రమే ఆరోగ్యమని మనం కూడా అనుకోం. కానీ భారతీయుడు అన్నప్పుడు ఏ భారతీయుడు? గురువు గడప ఎవరికి తెరుచుకుంది? ఏకలవ్యుడికి గురువు చదువు చెప్పలేదు, దక్షిణ మాత్రం పుచ్చుకున్నాడు. చికిత్స ఒప్పందం భాషలో చెప్పాలంటే అది సేవ లేకుండా ఫీజు వసూలు చేయడం. పైగా సమ్మతితో. బొటనవేలు ఇచ్చింది ఏకలవ్యుడే కదా, ఎవరూ బలవంతం చేయలేదు కదా అని నేటికీ చెప్పేవాళ్లున్నారు. శంబూకుడికి ఆ సమ్మతి తతంగం కూడా లేదు. ఈ కథలు చరిత్రా కాదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఈ కథల్ని ఆదర్శంగా చెప్పుకున్న సంప్రదాయం నుంచి మనసు వైద్యానికి నమూనా తీసుకుంటే, ఆ గదిలో మన స్థానం ఎక్కడో ముందే రాసి ఉంటుందన్నది విషయం.

గురువుని ప్రశ్నించడానికి వీలుండదు. ఫీజు ఇంత, గడువు ఇంత, నచ్చకపోతే మానేయొచ్చు అనే మాట గురువుతో అనలేం. మానేస్తే ద్రోహం అవుతుంది. కాబట్టి ఒప్పందాన్ని పాశ్చాత్యమని తోసేసే వాదన మనకు మిత్రుడు కాదు. బలహీనుడికి కాగితం అవసరం. బలవంతుడికి సంప్రదాయం చాలు. రాజ్యాంగమూ ఒక కాగితమే. దాన్ని తేలిక చేసి మాట్లాడేవాళ్లు ఎవరో, దాన్ని గుండెలకు హత్తుకునేవాళ్లు ఎవరో మనకు తెలుసు.

మూడో మూల

యూనివర్సిటీకి వద్దాం. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల చనిపోయాడు. అంతకు ముందు ఆయనతో సహా ఐదుగురు విద్యార్థుల్ని హాస్టలు నుంచి బయటికి పంపారు. వాళ్లు ఆరుబయట వేసుకున్న శిబిరానికి పెట్టుకున్న పేరు వెలివాడ. 2019 మే నెలలో ముంబైలో ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి చనిపోయింది. ఇట్లాంటి ప్రతి మరణం తర్వాతా వినబడే మాట కౌన్సిలింగ్. విద్యార్థులకు కౌన్సిలర్లను పెడతాం అంటారు. పెట్టాలి కూడా. బాధలో ఉన్న పిల్లలకు వినే మనిషి కావాలి. వద్దనడం మూర్ఖత్వం. కానీ ఆ కౌన్సిలర్‌కి జీతం ఇచ్చేది ఎవరు?

బెర్న్ సంప్రదాయంలోనే ఫనితా ఇంగ్లిష్ 1975లో ముక్కోణపు ఒప్పందం గురించి రాసింది. ఒక సంస్థ పిలిస్తే పనిచేయడానికి వచ్చిన నిపుణుడికీ, ఎదురుగా కూర్చున్నవాళ్లకూ మధ్య ఎప్పుడూ మూడో మూల ఉంటుంది. పైవాళ్లు నిపుణుడితో ఏం మాట్లాడుకున్నారో అని కూర్చున్నవాళ్లకు అనుమానాలుంటాయి. ఆ మూడో మూలను బయటపెట్టి మూడు వైపులా షరతులు తేల్చకపోతే పని సాగదు అని ఆమె చెప్పింది. యూనివర్సిటీ కౌన్సిలింగ్‌లో ఆ మూడో మూల అధికార యంత్రాంగం. విద్యార్థి ఫిర్యాదు గైడు మీదే అయితే, ఆ మాట ఎక్కడి దాకా పోతుంది? రేపు క్రమశిక్షణ కమిటీలో ఈ ఫైలు తెరుస్తారా? ఈ ప్రశ్నలకు జవాబు లేని గదిలో రహస్యంగా ఉంచుతాం అన్న హామీకి విలువ లేదు.

ప్రాణం తీసుకోనని సంతకం చేయించుకునే పద్ధతి ఇంకో ఉదాహరణ. రాబర్ట్ డ్రై, గోల్డింగ్ దంపతులు 1973లో రాసిన వ్యాసంలో అది మనిషి తనకు తాను చేసుకునే నిర్ణయం. ఆ నిర్ణయాన్ని పైకి చెప్పించి, చెప్పడంలో తడబాటు ఉందేమో చూసి, ప్రమాదం ఎంతుందో అంచనా వేయడం అసలు ఉద్దేశం. పోనుపోను అది సంస్థ చేతిలో సంతకం కాగితమైంది. అట్లాంటి కాగితం ప్రాణాలు కాపాడుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కాపాడేది సంస్థనే. మేం చేయాల్సింది చేశాం, ఇదిగో సంతకం అని చూపించుకోవచ్చు. స్కాలర్‌షిప్ ఆపినవాడు, గైడుని ఇవ్వనివాడు, హాస్టలు తాళం వేసినవాడు ఏ కాగితం మీదా సంతకం పెట్టడు. బాధపడేవాడే హామీ ఇవ్వాలి. పూనా తర్వాత ఇన్నేళ్లకూ ప్రాణం విలువను చూపించి మన చేతే సంతకం పెట్టించుకోవడం ఆగలేదన్నమాట.

రుజువు భారం ఎవరిది

మన చేతిలో ఏమీ లేదనుకోవద్దు. 1872 నాటి భారతీయ ఒప్పందాల చట్టంలో 16వ సెక్షన్ అనుచిత ప్రాబల్యం గురించి చెప్తుంది. ఒకరు ఇంకొకరి ఇష్టాయిష్టాల్ని శాసించే స్థితిలో ఉండి, ఆ స్థితిని వాడుకొని అన్యాయమైన లాభం పొందితే ఆ సమ్మతి స్వేచ్ఛా సమ్మతి కాదు. జబ్బువల్ల, మానసిక లేదా శారీరక వేదనవల్ల మనసు దెబ్బతిన్న మనిషితో ఒప్పందం చేసుకునేవాడు అట్లా శాసించే స్థితిలో ఉన్నవాడి కిందే లెక్క అని అదే సెక్షన్ అంటుంది. అట్లాంటి ఒప్పందం చూడగానే అన్యాయంగా కనబడితే, ఒత్తిడి లేదని రుజువు చేసే భారం పైచేయి ఉన్నవాడిదే. స్టైనర్ చట్టం నుంచి నాలుగు షరతులు తెచ్చుకున్నాడు. మనం ఈ ఐదోదాన్ని తెచ్చుకుందాం. రుజువు భారం థెరపిస్టుది, సంస్థది. క్లయింటు నమ్మలేదంటే ఎందుకు నమ్మలేదని క్లయింటుని కాదు, నమ్మించడానికి నువ్వేం చేశావని థెరపిస్టుని అడగాలి.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. 18వ సెక్షన్‌లో వివక్ష ఉండరాదన్న కారణాల జాబితాలో కులం పేరు స్పష్టంగా ఉంది. సమ్మతి అంటే లాభనష్టాలు, వేరే మార్గాలు కూడా మనిషికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పి తీసుకున్నదే అని నిర్వచించింది. 23వ సెక్షన్ గోప్యతను హక్కు చేసింది, దానికి మినహాయింపులు కూడా రాసింది. 25వ సెక్షన్ తన వైద్య రికార్డులు చూసే హక్కు, 28వ సెక్షన్ సేవల్లో లోపం మీద ఫిర్యాదు చేసే హక్కు ఇచ్చాయి. ఇవి చాలామంది విద్యార్థులకు తెలియవు. తెలియజేయడం సంఘాల పని.

కాబట్టి ఒప్పందం వద్దనడం కాదు, మన షరతులు పెట్టడం కావాలి. ఒప్పందం తెలుగులో ఉండాలి, గట్టిగా చదివి వినిపించాలి. ఫీజు కట్టలేనివాడికి అది దయ కాదు, హక్కు అని రాసి ఉండాలి. జీతం ఇచ్చే సంస్థకు ఏ మాట పోతుందో, ఏది పోదో మొదటిరోజే చెప్పాలి. కులం గురించి మాట్లాడితే దాన్ని అనుమాన జబ్బుగా రాయనని థెరపిస్టు ముందుగా మాట ఇవ్వాలి. ఎవరి దగ్గరికి వెళ్లాలో ఎంచుకునే అవకాశం, దళిత, ఆదివాసీ థెరపిస్టులు ఉండేట్టు నియామకాలు కావాలి. అయితే దళిత థెరపిస్టు ఉంటే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. జీతం ఇచ్చే మూడో మూల అట్లాగే ఉంటే, మనవాడు కూడా ఆ మూలకే జవాబు చెప్పుకోవాల్సొస్తుంది.

మనసు వైద్యం మనకు పైవాళ్ల విలాసం కాదు. తరతరాల అవమానం ఒంట్లో, నిద్రలో, చదువులో ఎట్లా పేరుకుంటుందో మన ఇళ్లలో చూస్తూనే ఉన్నాం. ఆ బాధను వినడానికి శాస్త్రం సిద్ధమైతే సంతోషమే. మనం చెప్తాం. అంతకు ముందు మనల్ని సంతకం అడిగేవాళ్లు తమ సంతకం ఎక్కడ పెట్టారో చూపించాలి.